రెండు గోడ గడియారాలు, ఒక నైట్ డ్యూటీ

డాక్టరమ్మ జవాబులు

పోయిన సంచికలో మాటవరసకి "లోకమ్ డ్యూటీలు చేసే రోజుల్లో" అని ఒక ముక్క రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని మీదే. లోకమ్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క మాట. రోజూ ఉండే డాక్టరు సెలవు పెట్టినప్పుడో, రాత్రి డ్యూటీకి మనిషి దొరకనప్పుడో, పూటకింత అని మాట్లాడుకుని బయటినుంచి పిలిపించుకునే డాక్టరు. నాట్లప్పుడు మనుషులు చాలకపోతే పక్క ఊరినుంచి పిలుచుకోమూ, అట్లాగే. నేను ఒంగోల్లో ఉంటూ 2009 నుంచి పదకొండేళ్ళు ఆ పని చేశాను. ఇటు దర్శి, కనిగిరి, అటు కావలి, ఉదయగిరి. సాయంత్రం ఆర్టీసీ బస్సులో పోవడం, పొద్దున్నే అదే బస్సులో కునుకు తీస్తూ రావడం. ఉదయగిరి అయితే రెండు రాత్రులు అక్కడే ఉండిపోయేదాన్ని.

*మాది దర్శి. నెల్లూరులో ఎంబీబీఎస్ చదివాను, హౌస్‌సర్జన్సీ అయిపోయింది. నీట్ పీజీకి ప్రిపేరవుతున్నాను. దగ్గర్లో ఒక ముప్ఫై పడకల ఆసుపత్రి వాళ్ళు వారానికి మూడు నైట్లు క్యాజువాలిటీ చూడమంటున్నారు. డబ్బు అవసరం ఉంది. కానీ రాత్రంతా ఒక్కడినే అంటే టెన్షన్‌గా ఉంది. చేరమంటారా?*

చేరు బాబూ. మా అబ్బాయి వయసు వాడివి, నువ్వు అనే అంటాను. టెన్షన్‌గా ఉందన్నావు కాబట్టే చేరమంటున్నాను. ఏ టెన్షనూ లేకుండా వచ్చేవాళ్ళంటేనే నాకు భయం.

ముందు నా సంగతి ఒకటి చెబుతాను. 2011 ఫిబ్రవరి. కనిగిరి వైపు ఒక చిన్న ఆసుపత్రి, పేరెందుకులే. అక్కడ నాకది మొదటి రాత్రి. ఎనిమిదింటికి బస్సు దిగాను. సిస్టర్ టీ ఇచ్చింది. వార్డులో పదకొండు మంది, అందరూ బాగానే ఉన్నారు. పదకొండున్నరకి నేనూ డ్యూటీ రూములో నడుం వాల్చాను.

నాలుగు కావస్తుండగా ఆటోలో నలభై ఏళ్ళ ఆవిణ్ణి తెచ్చారు. పొగాకు బ్యారన్ దగ్గర పడుకున్న మనిషి. ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా మంట చూసుకోవాలి కదా, వంతులేసుకుని కట్టెల మోపుల పక్కనే చాప పరుచుకుంటారు. రెండింటప్పుడు కడుపునొప్పని లేచిందట. రెండు వాంతులయ్యాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ చేశాడు. "నిద్ర లేదు డాక్టరమ్మా, కళ్ళు కూడా తెరవలేకపోతా ఉంది" అన్నాడు కొడుకు.

అది నిద్ర కాదు. పైకి చూడమంటే పాపం నుదురంతా ముడతలు పడుతోంది గానీ రెప్ప లేవడం లేదు. మాట ముక్కులోంచి వస్తోంది. ఉమ్మి మింగలేక పెదవి చివరనుంచి కారుతోంది. టార్చి వేసి వేళ్ళ సందులతో సహా వెతికాం, ఎక్కడా కాటు లేదు. కట్లపాము కాటు అట్లాగే ఉంటుంది. మంట ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో, వాలిపోయే రెప్పలతో వస్తే పామనే అనుకుని మొదలుపెట్టాలి. కాదని తేలితే మంచిదే.

ఏం చేయాలో నాకు తెలుసు. ఏది ఎక్కడుందో తెలియదు. ఆ రాత్రి నా తప్పు అదే. ఆక్సిజన్ సిలిండర్ తిప్పే కీ వార్డుబాయ్ జేబులో ఉంది, వార్డుబాయ్ బస్టాండు దగ్గర టీకొట్టులో ఉన్నాడు. విషంతో చచ్చుబడ్డ కండరాలకి బలమిచ్చే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఆపరేషన్ థియేటర్ అల్మరాలో, తాళం టెక్నీషియన్ ఇంట్లో. (కట్లపాముకి అది పెద్దగా పనిచేయదు, నాగుపాముకైతే బాగా పనిచేస్తుంది. కానీ కరిచింది ఏదో ఆ గంటలో ఎవరు చెబుతారు?) ఫ్రిజ్‌లో పాముకాటు మందు ఏఎస్‌వీ ఉందన్నారు. ఉంది, ఆరు వయల్స్. మొదటి డోసుకి పది కావాలి.

ఈలోగా ఆవిడ ఊపిరి పైపైన ఆడుతోంది. ఊపిరి గొట్టం వేయక తప్పదు. గొంతులోకి చూసే లైటున్న పరికరం, లారింగోస్కోప్, తీస్తే పెద్ద హ్యాండిల్‌లో సెల్లులు కారిపోయి తెల్లగా పొడి కట్టి ఉన్నాయి. చిన్నపిల్లలకి వాడే సన్నటి హ్యాండిల్ బాగుంది, అందులో సెల్లులే లేవు. నేను అటూ ఇటూ చూస్తున్నాను. ఆ సిస్టర్, ఇరవై ఏళ్ళ సర్వీసు మనిషి, ఏమీ మాట్లాడకుండా స్టూలెక్కి గోడ గడియారం దించింది. వెనక మూత తీసి పెన్సిల్ సెల్ నా చేతిలో పెట్టింది. "ఇంకోటి ఓపీ కౌంటర్ గడియారంలో ఉంది మేడమ్" అని పరుగెత్తింది. రెండూ వేసి బ్లేడు తగిలిస్తే లైటు వెలిగింది. ఆ పసుపు వెలుతురు ఇప్పటికీ కళ్ళ ముందుంది.

గొట్టం పడింది. అడ్రినలిన్ సిరంజిలోకి లాగి పక్కన పెట్టుకుని (ఏఎస్‌వీకి రియాక్షన్ వస్తే వెతుక్కునే టైము ఉండదు) ఉన్న ఆరు వయల్స్ సెలైన్లో కలిపి ఎక్కించాను. మిగతావి ఒంగోల్లో వేయమని చీటీ రాశాను. అంతకుముందే రెండు ఎంఎల్ రక్తం గాజు ట్యూబులో తీసి కదపకుండా పెట్టాం. ఇరవై నిమిషాల తర్వాత వంచి చూస్తే గడ్డ కట్టాలి, కట్టకపోతే పింజర జాతి విషం. ప్లాస్టిక్ ట్యూబు దీనికి పనికిరాదు, గాజుదే కావాలి, శుభ్రంగా పొడిగా ఉండాలి. ఇరవై నిమిషాలు చూద్దామని గోడకేసి తల తిప్పితే అక్కడ మేకు ఉంది, గడియారం లేదు. ఫోన్లో చూసుకున్నాను. గడ్డ కట్టింది.

108 వచ్చింది. నేను వెంట వెళ్ళలేను, వార్డులో పదకొండు మంది ఉన్నారు, ఆసుపత్రిలో డాక్టర్ని నేనొక్కదాన్నే. అంబులెన్సులో ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ కుర్రాడు ఒక్కడు. అందుకని ఆవిడ కొడుకుకి అంబు బ్యాగు, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, పట్టుకోవడం నేర్పాను. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, నొక్కు. మళ్ళీ ఒకటి నుంచి." ఒంగోలు రిమ్స్ దాదాపు 80 కిలోమీటర్లు. పొదిలి దాటాక కొడుక్కి చేతులు పీకితే ఈఎంటీ, ఈఎంటీకి పీకితే కొడుకు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక ఇరుక్కుపోయినప్పుడు కూడా లెక్క ఆపలేదని ఈఎంటీ తర్వాత చెప్పాడు. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉండి ఆవిడ నడిచి ఇంటికి వెళ్ళింది.

ఇక నీ సంగతి. ఏ ఆసుపత్రిలోనైనా మొదటి రోజు డ్యూటీ టైముకి అరగంట ముందు వెళ్ళు. టీ తర్వాత తాగొచ్చు. సిస్టర్ని వెంటబెట్టుకుని ప్రతి సొరుగూ నీ చేత్తో తెరువు. "అన్నీ ఉన్నాయి సార్" అనే మాట నమ్మకు. వాళ్ళు అబద్ధం చెబుతారని కాదు, ఉంది అంటే పనిచేస్తుంది అని కాదు. సిలిండర్ తిప్పి చూడు, గొంతులో అడ్డుపడ్డవి లాగే సక్షన్ మిషను ఆన్ చేసి గ్లాసులో నీళ్ళు లాగించు, లారింగోస్కోప్ వెలిగించు, ఈసీజీలో పేపరుందా చూడు. గుండెకి షాకిచ్చే డీఫిబ్రిలేటర్ ఉంటే దాన్ని ఆఖరిసారి ఎవరు ఎప్పుడు వాడారో అడుగు, ఆ జవాబుతో నీకు ఆసుపత్రి మొత్తం అర్థమైపోతుంది. ఫ్రిజ్‌లో ఏఎస్‌వీ ఎన్ని? పురుగుల మందుకి విరుగుడు అట్రోపిన్ ఎన్ని ఆంపుల్స్? మన ఒంగోలు, నెల్లూరు వైపు పురుగుల మందు తాగిన కేసు రాని నెల ఉండదు, పది ఆంపుల్స్‌తో అది గట్టెక్కదు. కేసొస్తే ముందు బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్ళు కడిగించు, గ్లవ్స్ వేసుకోవడం మరిచిపోకు. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గేదాకా అట్రోపిన్ పెంచుతూ పోవాలి, కంటిపాప ఒక్కటే చూసి ఆపేయకు. కోలుకున్నాక ఆ మనిషికి క్లాసు పీకొద్దు, కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడు, సైకియాట్రీకి చీటీ రాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక ప్రాణం తీసుకోబోయినవాళ్ళని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగానే చూడమంటున్నారు. ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జులైలో వచ్చిన కొత్త న్యాయ సంహితలో లేనే లేదు. పోలీసులకి సమాచారం మాత్రం ఇవ్వాల్సిందే.

ఎర్ర తేలు సంగతి కూడా. కుట్టిన చోట నొప్పి తగ్గిందని ఇంటికి పంపకు. పిల్లవాడికి చెమటలు పోసి, చేతులు కాళ్ళు చల్లబడి, గుండె దడదడలాడుతుంటే ప్రాజోసిన్ మాత్ర. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో ఉంటూ డాక్టర్ బావస్కర్ 1980ల్లో దీన్ని వాడుకలోకి తెచ్చారు. పెద్ద కాలేజీ కాదు, పెద్ద ల్యాబు కాదు. మనలాంటి ఆసుపత్రుల్లో కూర్చున్నవాళ్ళు ఆయన్ని గుర్తు పెట్టుకోవాలి.

స్పృహ లేని మనిషి ఎవరొచ్చినా మొదట షుగర్ చూడు. కావలిలో ఒక తెల్లవారుజామున పక్షవాతం అని ముసలాయన్ని మంచంతో సహా మోసుకొచ్చారు. కుడి చెయ్యి లేవడం లేదు, మాట లేదు. షుగర్ 32. రాత్రి అన్నం తినకుండా షుగర్ మాత్ర వేసుకున్నాడట. గ్లూకోజు ఎక్కించాక పావుగంటకి లేచి కూర్చుని "ఏందయ్యా, నన్నెందుకు తెచ్చార్రా ఈడికి" అని కొడుకుల్ని తిట్టాడు. అట్లాంటివాళ్ళని వెంటనే ఇంటికి పంపేయొద్దు, ఆ మాత్రల పని ఇంకా నడుస్తూనే ఉంటుంది, మళ్ళీ పడిపోతుంది. ఒక రోజు ఉంచి చూడు.

ఇక యాజమాన్యంతో మాట్లాడాల్సినవి. రాత్రి నువ్వు క్యాజువాలిటీకి ఒక్కదానికేనా, వార్డుకీ ఐసీయూకీ కూడానా? సర్జన్, మత్తు డాక్టరు, ఫిజీషియన్ నంబర్లు తీసుకో. నంబరుంటే చాలదు, రాత్రి రెండింటికి ఫోనెత్తుతారా అని సిస్టర్ని అడుగు. నీ రిజిస్ట్రేషన్ మెడికల్ కౌన్సిల్‌లో పర్మనెంట్ అయిందో లేదో చూసుకున్నాకే అడుగు పెట్టు. నీ సర్టిఫికెట్ జిరాక్సు ఊరికే ఇచ్చి రాకు, డ్యూటీకి రాకపోయినా నీ పేరు బోర్డు మీద ఉండిపోతుంది. ఖాళీ కేస్‌షీటు మీద, ఖాళీ ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కాగితాల మీద సంతకం పెట్టకు. "పొద్దున మేం నింపుకుంటాం సార్" అంటారు. నింపాకే పెడతానను.

దెబ్బలు, విషం, కాలిన గాయాలు, అనుమానం కలిగించే ఏ కేసైనా ఎమ్మెల్సీ, అంటే పోలీసులకి తెలపాల్సిన మెడికో లీగల్ కేసుల, రిజిస్టర్‌లో ఎక్కించు. రాసుకున్నాక రాజీ పడుతున్నాం కొట్టేయండి అని వస్తారు. కొట్టివేతలు వద్దు. చనిపోయిన మనిషిని తెచ్చి "గుండెపోటని రాసివ్వండి సార్, ఇన్సూరెన్స్ ఉంది" అంటే ఇంకా జాగ్రత్త. నువ్వు వైద్యం చేయలేదు, కారణం నీకు తెలియదు. తెచ్చేసరికే ప్రాణం లేదని టైముతో రాసి, పోలీసులకి కబురు పెట్టు. వాళ్ళు ఏడుస్తుంటే ఇది చెప్పడం కష్టం. నిలబడి కాదు, కూర్చుని చెప్పు.

డబ్బు సంగతి ముందే తేల్చుకో. నాకు 2009లో పన్నెండు గంటల నైట్‌కి 800 ఇచ్చారు. ఒక చోట ఏడు నైట్లకి "వచ్చే నెల, వచ్చే నెల" అంటూ ఇవ్వకుండానే మేనేజర్ మారిపోయాడు. కొత్తాయన నా పేరే వినలేదన్నాడు. అప్పటినుంచి పొద్దున హ్యాండోవర్ రాసి, డబ్బు చేతికొచ్చాకే బస్సెక్కేదాన్ని. నీకిప్పుడు ఫోన్‌పే ఉంది, మొహమాటం కూడా అక్కర్లేదు.

మూడు నైట్లు వద్దు, రెండు చాలు. వరసగా అసలొద్దు. చదువు పోతుంది.

*మా నాన్నకి 61 ఏళ్ళు. ఉదయగిరి దగ్గర పల్లె. రాత్రి ఒంటిగంటకి గుండెనొప్పి వస్తే దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డ్యూటీలో ఉన్న కొత్తమ్మాయి ఈసీజీ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ చేస్తాను, మెదడులో రక్తస్రావం అయ్యే అవకాశం కొంచెం ఉంది, సంతకం పెట్టండి అంది. భయపడి నెల్లూరు తీసుకెళ్ళిపోయాం. అక్కడ తెల్లవారాక స్టెంట్ వేశారు. ఇప్పుడు గుండె 35 శాతమే పనిచేస్తోందంటున్నారు. తప్పు చేశామా?*

మీరు అడిగారు కాబట్టి దాచను. ఆ అమ్మాయి చెప్పింది సరైనదే. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. కారు దొరికి, వెళ్ళి, అక్కడ మళ్ళీ ఈసీజీ తీసి, స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబు వాళ్ళు లేచి వచ్చేసరికి రెండు గంటలు ఇట్టే దాటిపోతాయి. రెండు గంటల్లోపు స్టెంట్ వేయించలేమనుకున్నప్పుడు ఉన్నచోటే గడ్డ కరిగించే మందు ఇచ్చి, ఆ తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపమనే ప్రపంచమంతా అనుకుంటున్న పద్ధతి. స్ట్రెప్టోకైనేజ్ అయితే 15 లక్షల యూనిట్లు గంటసేపు ఎక్కిస్తారు, టెనెక్టిప్లేస్ అయితే బరువును బట్టి ఒక్కసారే ఇస్తారు. నొప్పి మొదలైన తొలి గంటల్లో ఇస్తేనే లాభం ఎక్కువ. మెదడులో రక్తస్రావం మాట నిజమే, వందమందిలో ఒకరికి, అంతకంటే తక్కువగానే. ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళకి, పక్షవాతం వచ్చినవాళ్ళకి ఇవ్వరు. అవన్నీ అడిగే ఉంటుంది.

కానీ ఒంటిగంట రాత్రి, నాన్న చెమటలు కక్కుతుంటే, ముక్కూ మొహం తెలియని ఇరవై అయిదేళ్ళ పిల్ల కాగితం ముందు పెట్టి రక్తస్రావం అంటే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. అది మీ తప్పని నేననను. అట్లాంటప్పుడు ఒక్కటి అడగండి: "అమ్మా, ఈ ఈసీజీ నెల్లూరు కార్డియాలజిస్టుకి వాట్సాప్ చేసి, ఆయనతో నాకు మాట్లాడిస్తావా?" ఇప్పుడు చాలామంది చేయిస్తారు, రెండు నిమిషాల పని. నేను చేసేదాన్ని. ఆయన గొంతు వింటే సంతకం చేయడం తేలిక.

35 అంకె చూసి కుంగిపోకండి. అది వందకి ముప్ఫైఅయిదు మార్కులు కాదు. ఆరోగ్యంగా ఉన్న గుండెకే 55 నుంచి 70 దాకా ఉంటుంది. మందులు మానకుండా వాడితే కొన్ని నెలల్లో పెరగొచ్చు. మూడు నెలలకి మళ్ళీ ఎకో, అంటే గుండె స్కానింగు, తీయించండి. మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దు, స్టెంట్ ఉన్నవాళ్ళకి అది చాలా ప్రమాదం.

*కావలిలో ఒక నర్సింగ్‌హోమ్‌లో స్టాఫ్ నర్సుని, పన్నెండేళ్ళ అనుభవం. వారానికో కొత్త డాక్టరు వస్తున్నారు. ఒకాయన రాత్రి రూము తలుపు తీయరు, ఫోన్లోనే ఆర్డర్ చెబుతారు. పొద్దున కేస్‌షీటులో ఆయన రాయకుండానే వెళ్ళిపోతారు. ఏదైనా అయితే నా మీదికి వస్తుందేమోనని భయం.*

వస్తుంది సిస్టర్, తప్పకుండా వస్తుంది. ఫోన్లో చెప్పింది విని, తిరిగి చదివి వినిపించి, "ఫోన్ ఆర్డర్" అని రాసి, టైము, డాక్టరు పేరు, మీ సంతకం. అక్కడున్న రెండో మనిషి చేత కూడా సంతకం పెట్టించండి. పొద్దున ఆయన బూట్లు వేసుకుంటుండగానే షీటు చేతికివ్వండి. మొదటిసారి ఇవ్వబోయే ప్రమాదకరమైన మందులు, పొటాషియం లాంటివి, ఫోన్లో చెబితే చేయొద్దు. "మీరొచ్చి చూడండి సార్" అనండి. రాకపోతే "పిలిచాము, రాలేదు" అని టైముతో రాయండి. ఆ ఒక్క లైను రాసిన మర్నాడు తలుపులు వాటంతటవే తెరుచుకోవడం నేను చూశాను.

ఇంకో మాట. కొత్తగా వచ్చే కుర్ర డాక్టర్లని మీరే తిప్పి చూపించండి. వాళ్ళు అడగరు, సిగ్గు.

*సింగరాయకొండ దగ్గర హైవే పక్కన టీ హోటల్ నాది. యాక్సిడెంట్లు కళ్ళ ముందే అవుతుంటాయి. ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసు, సాక్ష్యం అంటారని మావాళ్ళు వద్దంటారు. పోయినసారి ఒక చిన్న ఆసుపత్రిలో పోలీసులు వచ్చేదాకా వైద్యం చేయం అన్నారు కూడా.*

మీ హోటల్ టీ ఎప్పుడో తాగే ఉంటాను, ఆ రోడ్డు మీద ఆగని చోటు లేదు.

పోలీసులు వచ్చేదాకా చూడం అనడం చట్టవిరుద్ధం. 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ముందు ప్రాణం, కాగితాలు తర్వాత, సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా. ఇక మీ భయం గురించి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని కొత్త సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో తీసుకొచ్చిన మనిషి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని, సాక్ష్యానికి రమ్మని బలవంతం చేయకూడదు. తీసుకొచ్చి దించేసి మీరు వెళ్ళిపోవచ్చు. పోలీసులకి చెప్పడం డ్యూటీ డాక్టరు పని. 2025 మేలో కేంద్రం ఇంకో పథకం పెట్టింది, రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజులు, లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం. డబ్బెవరు కడతారు అని గేటు దగ్గర అడిగితే ఆ మాట ఎత్తండి.

108కి చేసి, అది వచ్చేలోగా రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. నీళ్ళు పట్టించొద్దు. హెల్మెట్ ఊడలాగొద్దు. మెడ వంచి ఆటోలో కుక్కొద్దు. మా క్యాజువాలిటీకి వచ్చినవాళ్ళలో దెబ్బ కంటే మోసుకొచ్చిన తీరుకి దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు.

*మా అమ్మాయి నైట్ డ్యూటీలు చేస్తోంది. రోగుల వెంట వచ్చేవాళ్ళు తాగి గొడవ చేస్తున్నారంట. మాన్పించమంటారా డాక్టరమ్మా? (ఒక తల్లి, ఒంగోలు)*

మాన్పించొద్దమ్మా. చోటు మార్చమనండి. డ్యూటీ రూముకి లోపల గడియ పడుతుందా, రూముకీ క్యాజువాలిటీకీ మధ్య చీకటి వరండా ఉందా, రాత్రి వాచ్‌మన్ ఉన్నాడా, ఉంటే ఆయన వయసెంత, ఇవి మీరే ఒకసారి వెళ్ళి చూసిరండి. మా అమ్మ చూసింది. ఒక ఆసుపత్రిలో వాచ్‌మన్‌కి డెబ్భై ఏళ్ళు, వినపడదు. అక్కడికి నన్ను పంపలేదు.

మన రాష్ట్రంలో 2008 నుంచే చట్టం ఉంది. ఆసుపత్రి సిబ్బంది మీద చేయి చేసుకుంటే బెయిలు దొరకని కేసు, మూడేళ్ళ దాకా జైలు. ఆ బోర్డు క్యాజువాలిటీ గోడకి తెలుగులో పెద్దక్షరాలతో పెట్టమని అడగమనండి. ఇంకోటి, నా అనుభవంలో గొడవల్లో సగం ఏమవుతోందో చెప్పకపోవడం వల్ల వచ్చేవే. పది నిమిషాలకోసారి బయటికొచ్చి ఒక మాట చెబితే తాగినవాడు కూడా కాస్త తగ్గుతాడు. మిగతా సగానికి వాచ్‌మనే కావాలి.

*లోకమ్ ఫీజులో పది శాతం కోసుకుంటున్నారు. అడిగితే టీడీఎస్ అంటున్నారు. ఇది తిరిగి వస్తుందా?*

టీడీఎస్ అంటే ఫీజులోంచి ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను. కోసింది మీ పాన్ మీద కట్టారో లేదో ఇన్‌కమ్‌ట్యాక్స్ వెబ్‌సైటులో చూసుకోండి. కొందరు కోసి కట్టరు. కట్టి ఉంటే రిటర్న్ వేసినప్పుడు మీ పన్నులో సర్దుతారు, ఎక్కువైంది తిరిగి వస్తుంది. డాక్టర్లకి వచ్చిన ఫీజుల్లో సగం ఆదాయంగా చూపించే సులువు పద్ధతి ఉంది. ఆడిటర్‌ని అడగండి, ఇది నా సబ్జెక్టు కాదు.

*డ్యూటీకి వెళ్ళేటప్పుడు మీ బ్యాగులో ఏం ఉండేవి మేడమ్? (ఒక హౌస్‌సర్జన్, నెల్లూరు)*

స్టెతస్కోపు, పల్స్ ఆక్సిమీటరు, నా సొంత గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, టార్చి. రెండు గాజు టెస్ట్‌ట్యూబులు గుడ్డలో చుట్టి. పిల్లల మందుల డోసులు రాసుకున్న చిన్న నోట్‌బుక్కు. దుప్పటి, ఎందుకంటే డ్యూటీ రూము దుప్పటి గురించి చెప్పకపోవడమే మంచిది. నిమ్మకాయ పులిహోర ఒక డబ్బాలో, సిస్టర్‌కి కూడా సరిపోయేంత. కనిగిరి తర్వాత నాలుగు పెన్సిల్ సెల్లులు కూడా. ఆ ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళడం పడలేదు. వాళ్ళ గడియారాలకి రెండు సెల్లులు నేనింకా బాకీ.